తిండికి భయపడిన వంటమనిషి

జమ్మలమడుగులో మా ఆడపిల్లల హాస్టల్లో విమల పదిహేడేళ్ళుగా వంట చేస్తోంది. నేనక్కడ వార్డెన్‌ని. ఎనభై మంది పిల్లల్లో ఎవరికి పప్పు సహించదో, ఎవరు రెండు ముద్దల సంగటి తింటారో ఆమెకు కంఠతా తెలుసు. ఏ పిల్లయినా పళ్ళెంలో అన్నం వదిలేస్తే చేతిలో గరిటెతోనే వచ్చి పక్కన కూర్చునేది. ఎందుకు తినలేదో తెలిసేదాకా లేచేది కాదు. అలాంటి మనిషి రెండు నెలలకు పైగా మా అందరి కళ్ళ ముందే కడుపు మాడ్చుకుంది. మాకెవరికీ తెలియలేదు. ఈ సంగతంతా తర్వాత ఆమే నాకు చెప్పింది, రాయమని కూడా ఆమే అంది.

ఆమె భయం ఈనాటిది కాదు. పదకొండేళ్ళ వయసులో సొంత పిన్ని రొమ్ము క్యాన్సర్‌తో పోవడం చూసింది. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ జబ్బు పేరు ఎత్తేవారు కాదు. పిన్నిని వెనక గదిలో పడుకోబెట్టారు. గంజి తీసుకుని లోపలికి వెళ్ళడం విమల పని. తీసుకెళ్ళిన గంజి తీసుకెళ్ళినట్టే తిరిగొచ్చేది. పెద్దవాళ్ళు వసారాలో కూర్చుని గుసగుసగా ఒకే మాట అనుకునేవారు, గడ్డ ఆమెను తినేస్తాండాదని. ఆ మాట పిల్ల చెవిలో అలాగే ఉండిపోయింది. గడ్డకు నోరుంటుందని, అది లోపల కూర్చుని తింటుందని విమల చాలా ఏళ్ళు నిజంగానే నమ్మింది.

మూడేళ్ళ కిందట వేసవి సెలవుల్లో స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చింతగింజంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. ఎవరికీ చెప్పలేదు. హాస్టల్ తెరిచాక చూద్దామనుకుంది. తెరిచాక కొత్త పిల్లలు కుదురుకోనీ అనుకుంది. రోజూ తడిమి చూసుకునేది. దసరా నాటికి అది నిమ్మకాయంత అయింది. అన్నం గుండిగ దించేటప్పుడు ఎడమ చెయ్యి లేవక వేరేవాళ్ళను పిలవడం మొదలుపెట్టింది. ఆమె భర్త దేవపాలు ఆర్టీసీ డిపోలో మెకానిక్. నెమ్మదస్తుడు, ఎక్కువ మాట్లాడడు. ఒక ఆదివారం చర్చికి బయలుదేరుతూ ఆమె రవికె తొడుక్కోవడానికి పడుతున్న అవస్థ చూసి, ఏంది సంగతి అని అడిగాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని గడ్డ మీద పెట్టింది. ఆ రోజు ఇద్దరూ చర్చికి పోలేదు. మర్నాడు మిషన్ ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి నుంచి ముక్క పరీక్షకు పంపారు. వారంలో తెలిసింది, పిన్నికి వచ్చిన జబ్బే.

గడ్డ పెద్దది కాబట్టి ముందు కీమో సూదులతో దాన్ని చిన్నది చేసి, ఆ తర్వాత తిరుపతిలో ఆపరేషన్ చేద్దామన్నారు. సూదులు పులివెందులలో. ఇరవై ఒక్క రోజులకు ఒకసారి వెళ్ళాలి. ముద్దనూరులో బస్సు మారాలి. మొదటిసారి దేవపాలు సెలవు పెట్టి వెంట వెళ్ళాడు. అక్కడే వాళ్ళకు ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఖదీజా, ఆమె భర్త కమాల్ బాషా పరిచయమయ్యారు. ఖదీజా ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టే మనిషి, విమల కన్నా ఏడేళ్ళు పెద్దది. ఆమెకూ ఇదే జబ్బు. ఇద్దరికీ ఒకే రోజు మొదటి సూది పడింది. అప్పటి నుంచి ముద్దనూరు బస్టాండులో ఒకరి కోసం ఒకరు ఆగేవారు. తోడు దొరికింది కదా అని దేవపాలు ముద్దనూరు దాకా దింపి డ్యూటీకి వెళ్ళిపోయేవాడు.

మొదటి సూది తర్వాత నాలుగు రోజులకు బంధువులెవరో విమల ఫోనుకు ఒక వీడియో పంపారు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన కుర్చీలో కూర్చుని చెప్తున్నాడు. క్యాన్సర్ గడ్డ మనం తినే పాలు, గుడ్లు, మాంసం, తీపి, నూనెగింజల మీదే బతుకుతుందట. వాటిని ఆపేస్తే గడ్డ తిండి లేక ఎండిపోతుందట. విమల ఆ వీడియో మూడుసార్లు చూసింది. వెనక గదిలో పిన్ని, వసారాలో గుసగుసలు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. చిన్నప్పుడు తాను నమ్మిందే ఈ డాక్టరూ చెప్తున్నాడనుకుంది. ఆయన డాక్టరో కాదో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని కూడా తోచలేదు.

ఆ రోజు నుంచి పొద్దున జొన్న గంజి, మధ్యాహ్నం ఆకుకూర ఉడికించిన నీళ్ళలో పిడికెడు అన్నం, రాత్రికి మళ్ళీ గంజి. హాస్టల్లో తన వంతు గుడ్డు ఏ పిల్ల పళ్ళెంలోనో పడేది. ఇంట్లో దేవపాలు పాలు కాచి ఇస్తే, చల్లారనీ అని పక్కన పెట్టి తర్వాత పెరట్లో పారబోసేది. వంటింట్లో వేరుశనగలు వేయిస్తుంటే వాసన తగలకుండా కొంగు అడ్డం పెట్టుకునేది. కీమో వల్ల వాసన పడటం లేదేమోనని నేను అనుకున్నాను. ఆకలి వేసేది, బాగా వేసేది. కానీ ఆ ఆకలి తనది కాదని, లోపలున్న గడ్డదని ఆమెకు అనిపించేది. చేతికి అందిన ముద్ద మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేసేది.

రెండో సూది నాటికి గడ్డ కొంచెం మెత్తబడింది. డాక్టరు మందు బాగా పనిచేస్తోందన్నాడు. విమల మాత్రం తాను తిండి మానేసినందుకే అనుకుంది. ఇక ఎవరు చెప్పినా కదలని స్థితికి వచ్చింది.

ఆ ఆసుపత్రిలో స్వాతి అనే అమ్మాయి ఉంది. పులివెందుల పిల్లే, డైటీషియన్. సూదుల రోజున ఆడవాళ్ళందరినీ వరండాలో బెంచీల మీద కూర్చోబెట్టి అరగంట సేపు తిండి గురించి చెప్పేది. అన్నీ మామూలు మాటలే. ఒకేసారి తినలేకపోతే రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినమనేది. పప్పు, గుడ్డు, పెరుగు, కోడికూర, ఏది కుదిరితే అది రోజూ ఉండాలనేది. గుడ్డయినా కూరయినా బాగా ఉడకాలి, నీళ్ళు కాచి చల్లార్చాలి, బజారులో కోసి అమ్మే పండ్లు వద్దు. నోరు పూస్తే కారం మానేసి గోరువెచ్చగా, మెత్తగా తినాలి. జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి రావాలి. ఇవి చెప్పాక నిన్న ఏం తిన్నారో ఒక్కొక్కరిని అడిగి రాసుకునేది.

విమల వంతు వచ్చినప్పుడు ఆమె తడుముకోలేదు. ముందు రోజు హాస్టల్లో పిల్లలకు వండిన మెనూ మొత్తం తాను తిన్నట్టు అప్పజెప్పింది. పొద్దున బొరుగుల ఉగ్గాని, పాలు. మధ్యాహ్నం అన్నం, అలసందల పప్పు, గుడ్డు. సాయంత్రం వేరుశనగ ఉండ. రాత్రి సంగటి, కోడికూర. స్వాతి మెచ్చుకుంది. అందరూ విమలక్క మాదిరి తినాలని పదిమంది ముందూ చెప్పింది. ఆ మాట వింటూ విమల తల దించుకుంది. సిగ్గుపడుతోందని అందరూ అనుకున్నారు.

మూడో సూదికి వెళ్ళేసరికి ఆమె అయిదు కిలోలు తగ్గింది. రక్తపరీక్షలో విమలకూ ఖదీజాకూ తెల్లకణాలు మరీ తక్కువున్నాయని సూది వారం వాయిదా వేశారు. స్వాతి బరువు కాగితం, తాను రాసుకున్న పుస్తకం పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. విమల వైపు కూడా చూసింది. పుస్తకం మూసి తర్వాతి ఆమెను పిలిచింది. వారం తర్వాత సూది పడిన రోజు బెంచీ మీద ఖదీజా మెల్లగా అడిగింది. తనకు గుడ్డు ముట్టాలంటేనే వణుకు పుడుతోందని, ఇన్ని రకాలు ఎట్లా తినగలుగుతాండావని. విమల అటూ ఇటూ చూసి చెవిలో చెప్పింది.

"నేను చెప్పేదంతా పిల్లోళ్ళ తిండక్కా. దాంట్లో ఒక్కటి కూడా నేను ముట్టేది లే. పాలు, గుడ్డు, కూర, చెనిక్కాయలు, తీపి, అన్నీ గడ్డకు బలం. దాన్ని మాడ్చల్ల. నాది మెత్తబడింది చూడు. నువ్వు గూడ మానెయ్."

పద్నాలుగేళ్ళు వంట చేసిన మనిషి, తిండి గురించి ఆమెకు తెలియనిదేముంటుందని ఖదీజా నమ్మింది.

నాలుగో సూదికి విమల ముద్దనూరులో దిగితే బస్టాండులో వాళ్ళిద్దరూ లేరు. రెండు బస్సులు వదిలేసి చూసింది. ఖదీజా ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఒంటరిగా పులివెందుల బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది గానీ దారి పొడవునా ఏం చూసిందో ఆమెకు గుర్తు లేదు. అరచేతులు చెమట పట్టి టికెట్టు నానిపోయిందని మాత్రం చెప్పింది.

ఆసుపత్రి వరండాలో కమాల్ బాషా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఖదీజాను ముందు రోజే చేర్చారట. నూటమూడు జ్వరం, నోటినిండా పుండ్లు, బీపీ పడిపోయింది. తలుపు అద్దంలోంచి చూస్తే మంచం మీద ఆమె చాలా చిన్నగా కనబడింది. ముక్కుకు గొట్టం, చేతికి సెలైను. బుగ్గలు లోపలికి పోయి పళ్ళు బయటికి వచ్చినట్టున్నాయి. విమలకు పిన్ని గుర్తుకు రావడం కాదు, పిన్నే అక్కడ పడుకుని ఉన్నట్టు అనిపించింది.

"ఇరవై దినాలాయ చెల్లీ, గంజి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలే," అన్నాడు కమాల్ బాషా. "తోడు సూదులేసుకునే ఆమె ఎవురో చెప్పిందంట, తినకుంటే గడ్డ ఎండిపోతాదని. ఎవురని అడిగితే పేరు చెప్పలే. నీకేమన్నా తెలుసునా?"

"తెల్దన్నా," అంది విమల.

ఆ మాట అనేసి మెట్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆ గంటసేపూ ఆమెకు ఇవే ఆలోచనలు. ఖదీజా చనిపోతే చంపింది తానే. చెప్పేస్తే తనకు సూదులు ఆపేస్తారేమో, పోలీసులను పిలుస్తారేమో, కమాల్ బాషా కొడతాడేమో. చెప్పకపోతే తన మంచం కూడా ఆ పక్కనే వేస్తారేమో. ప్రార్థన చేయబోయింది గానీ మాటలు రాలేదు. స్వాతి గది మెట్లకు ఎదురుగానే ఉంది. రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. మూడోసారి లోపల నుంచి స్వాతే చూసి పిలిచింది.

"ఖదీజాక్కకు చెప్పింది నేనే మేడం," అంది విమల నిలబడే.

స్వాతి తిట్టలేదు. కూర్చోమనలేదు కూడా. వెంటనే కలం తీసుకుని, సరిగ్గా ఎన్ని రోజులు, ఏమేమి మానేసింది, రోజుకు ఎంత గంజి అని వరుసగా అడిగింది. విమల తనకు తెలిసినదంతా చెప్పింది. స్వాతి ఫోను తీసి వార్డు డాక్టరుతో మాట్లాడింది. అన్ని రోజులు మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి ఎక్కిస్తే గుండెకే ప్రమాదమట. రక్తంలో లవణాలు చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచాలట. గొట్టంలో పోసే పాలు ఎంత మేరకు మొదలుపెట్టాలో అప్పుడే మార్చారు. తాను ఆ గంట మెట్ల మీద కూర్చోకుండా ముందే చెప్పి ఉండాల్సిందని విమలకు అప్పుడు అర్థమైంది.

ఫోను పెట్టేశాక స్వాతి అడిగింది. "మరి మీరక్కా?"

విమల ఏడ్చేసింది. ఆ ఏడుపులోనే వీడియో సంగతి, హాస్టల్ మెనూ సంగతి, పిన్ని సంగతి అన్నీ బయటికొచ్చాయి. స్వాతి ఓపిగ్గా విన్నది. గడ్డ మెత్తబడింది సూదితోనే, పస్తులతో కాదని చెప్పింది. మనం తిన్నా తినకపోయినా గడ్డ తనకు కావలసింది ఒంట్లోంచి లాక్కుంటుంది. తినకపోతే ముందు కరిగేది మన కండ, పడిపోయేది మన రక్తం. అప్పుడు సూది దెబ్బకు తట్టుకోలేము, సూది ఆగిపోతుంది, సూది ఆగితే లాభం గడ్డకే.

మాటలు అర్థమయ్యాయి గానీ భయం పోలేదు. స్వాతి తన టిఫిన్ డబ్బా తెరిచి, మూత మీద ఒక ఉడికిన గుడ్డు పెట్టి విమల ముందుకు జరిపింది.

"తింటే పెరిగితే?" అంది విమల.

"పెరగదక్కా. భయం పోయినాక తిందామనుకుంటే ఇంకో నెల పడతాది. అంత టైము మనకు లేదు. భయపడతానే తినండి. నేనీడే కూచోనుంటా."

ఒక్క గుడ్డు తినడానికి అరగంట పట్టింది. ప్రతి ముక్కకూ ఎడమ చెయ్యి తనంతట తానే రొమ్ము దగ్గరికి పోయేది, ఏమైనా కదిలిందా అని. గొంతు దిగేటప్పుడు కళ్ళు మూసుకునేది. రోజుకు మూడు ట్రేల గుడ్లు ఉడికించే మనిషి ఒక పచ్చసొన ముక్క చూసి వణికింది. స్వాతి తన అన్నం తాను తింటూ మధ్యమధ్యలో మీ ఊరిలో ఎండలెట్లున్నాయని ఏదో అడుగుతూ ఉండిపోయింది.

ఆ రోజు విమలకు సూది వెయ్యలేదు, కణాలు మళ్ళీ తగ్గాయి. ఇంటికొచ్చి దేవపాలుకు అంతా చెప్పింది. అతను పెరట్లోకి వెళ్ళి, పాలు పారబోసిన చోట కాసేపు నిలబడి వచ్చాడు. మరుసటి రోజు నుంచి డ్యూటీ ఏ వేళదైనా ఒక పూట ఆమె ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఆమె ముద్ద మింగితే గానీ అతను ఇంకో ముద్ద కలిపేవాడు కాదు. నాకూ అప్పుడే తెలిసింది. హాస్టల్లో ఆమె గుడ్డు ఇక ఏ పిల్ల పళ్ళెంలోకీ పోకుండా నేనే చూశాను.

అయిదో రోజున ఖదీజా కళ్ళు తెరిచి మాట్లాడుతోందని తెలిసి విమల పులివెందుల వెళ్ళింది. ముందు కమాల్ బాషాతో నిజం చెప్పింది. అతను ఆమె ముఖంలోకి చూడలేదు. నీళ్ళ సీసా తీసుకుని కిందికి వెళ్ళిపోయాడు, ఆమె ఉన్నంతసేపూ పైకి రాలేదు. ఆ తర్వాత రెండు నెలలు ముద్దనూరు బస్టాండులో కలిసినా పలకరించలేదు.

నా పేరెందుకు చెప్పలేదక్కా అని విమల అడిగింది. ఖదీజా నోటి పుండ్ల వల్ల మెల్లగా, ఆగి ఆగి మాట్లాడింది.

"చెప్తే ఆయన నిన్ను నా పక్కన కూచోనియ్యడు. ఆ బెంచీ మీద ఒక్కదాన్నే కూచోవాలంటే నాకు ఇంకా భయం. నువ్వు చెప్పకున్నా నేను మానేసుందును విమలా. తింటే పెరుగుతాదేమోనని నాకూ లోపల ఉండింది."

ఖదీజా బతికింది. కానీ ఆమె సూదులు ఆరు వారాలు వెనకబడ్డాయి. ఆపరేషన్ కూడా ఆలస్యమైంది. ఆ ఆరు వారాల వల్ల ఏమైనా నష్టం జరిగిందా అని విమల డాక్టరును అడిగింది. ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆ జవాబును ఆమె ఇంకా మోస్తూనే ఉంది.

విమల నెలలో రెండు కిలోలు పెరిగింది. సూదులు మళ్ళీ మొదలయ్యాయి. నోరు పూసినప్పుడు ఖదీజా కోసం తానే వండటం నేర్చుకుంది. పెసరపప్పు, అన్నం కలిపి గుజ్జుగా ఉడికించి నెయ్యి వేసేది. రాగిజావలో వేరుశనగల పొడి కలిపేది, గుడ్డును పాలలో కలిపి గట్టిపడేదాకా కాచేది. స్వాతి ఇవి చూసి, వరండాలో అందరికీ చెప్పమంది. విమల వెంటనే ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకుని, మొదటి రోజు లేచి నిలబడి తాను చెప్పిన అబద్ధంతోనే మొదలుపెట్టింది. చెప్పడం అయిపోయాక ఒకామె, కొండాపురం దగ్గర కాలనీ నుంచి వచ్చినామె, తాను పది రోజులుగా అన్నం మానేశానని మెల్లగా చెప్పింది. స్వాతి ఆమెను తన గదికి తీసుకెళ్ళింది.

తిరుపతిలో విమలకు ఆపరేషన్ అయింది. తర్వాత రేడియేషన్, ఇక్కడివాళ్ళు అనే కరెంటు వైద్యం కూడా ముగిసింది. ఖదీజాకు అయిన ఆపరేషన్‌తో చెయ్యి వాచింది, చీరల పని సగం తగ్గించుకుంది. కమాల్ బాషా ఈ మధ్య విమలతో ఒకటి రెండు మాటలు మాట్లాడుతున్నాడు.

విమల తిరిగి హాస్టల్ వంటింట్లో ఉంది, బరువు మాత్రం ఎత్తదు. తింటుంది. ఇప్పటికీ కొన్ని రోజులు పాలగ్లాసు చేతిలో పట్టుకుని కొంతసేపు అలాగే చూస్తుంది, తర్వాత తాగుతుంది. మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్ళే వారం ముందు నుంచి ఉప్పు వేశానో లేదో మర్చిపోతుంది. పిల్లలు ఉప్పు అడిగి వేసుకుంటారు. పోయిన నెల వెళ్ళొచ్చింది. రిపోర్టు బాగుందట. వంటింట్లో నా ముందు కూర్చుని కాగితం చూపించింది. చేతులు మాత్రం ఒళ్ళో బిగించి పెట్టుకుంది.

ఇకపై ఆరు నెలలకోసారి వస్తే చాలన్నారట. మంచిదే కదా అన్నాను.

"మంచిదే మేడం," అంది. "కానీ ఆరు నెలలంటే శానా దూరం. మధ్యలో ఎవురూ చూడరు."

కాగితం మడిచి రవికెలో పెట్టుకుని, పిల్లలకు పప్పు కడగడానికి లేచింది.